పరుపులా విప్పిన ఆట

చిలకలూరిపేటలో పరుపులు కుట్టే జాన్ బాషాని ఒట్టి జాన్ బాషా అని పిలిచేవాళ్లు తక్కువ. అందరూ ‘ఎందుకు బాషా’ అంటారు. ఆ పేరు ఎవరు పెట్టారో గానీ, మనిషిని బాగా చూసే పెట్టారు. పరుపు కుట్టించుకోవడానికి వచ్చిన పశువుల డాక్టరుని పట్టుకుని, గేదె పడుకుని కూడా నెమరు ఎందుకు వేస్తుందని అడుగుతాడు. బస్టాండు దగ్గర అరటిపళ్లమ్మే ఏసోబుని, పండు వంకరగా ఎందుకు కాస్తుందని అడుగుతాడు. ‘ముందు డజను కొను బాబాయ్, తర్వాత చెబుతా’ అంటే కొనేస్తాడు. ఏసోబు ఇంతవరకూ చెప్పలేదు. ఈయనా కొనడం మానలేదు.

ఇంట్లో గోడగడియారం ఎందుకు టిక్కుటిక్కుమంటుందో చూద్దామని ఒకసారి విప్పాడు. అప్పటి నుంచి దానికి ఇష్టమైనప్పుడు తిరుగుతుంది, లేనప్పుడు లేదు. ఆయన భార్య రహిమున్నీసాకి టైము కావాలంటే పక్కింటి గుమ్మంలోకి వెళ్లి అడగాల్సిందే.

వాళ్లది దూదేకుల ఇల్లు. తాతా, తండ్రీ దూదేకే విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగినవాళ్లే. జాన్ బాషా హయాం వచ్చేసరికి విల్లు అటకెక్కింది, కరెంటు మిషన్ వచ్చింది. దాన్ని ఇంటి ముందు వసారాలో బిగించాడు. వెనక రెండు గదుల్లో కాపురం. ముందు పని, వెనక సంసారం, అడుగు తీసి అడుగు వేస్తే అన్నం. ఇంతకన్నా సుఖం ఏముంటుందని ఆయన ధీమా. పొద్దున్నే మిషన్ వేశాడంటే ఆ ఇంట్లో మనిషి మాట మనిషికి వినపడదు. దూది నుసి లేచి వసారాని, గుమ్మాన్ని, లోపలి మంచాన్ని, పొయ్యి మీది గిన్నెని కూడా తెల్లగా కప్పేస్తుంది. ఆయనకి అది కనపడదు. పుట్టినప్పటి నుంచీ అందులోనే ఉన్నవాడికి అది విడిగా ఎలా కనపడుతుంది?

ఆయన పనిలో ఒక పద్ధతుంది. పాత పరుపు ఉండలు కట్టి గట్టిపడితే పారేయరు. ఒక పక్క కుట్టు విప్పి, దూదంతా బయటికి లాగి, గుడ్డ ఉతికి ఆరేసి, దూదిని ఏకి మళ్లీ నింపుతారు. మిషన్లో వెయ్యకముందు మాత్రం ఆ దూదినంతా చేత్తో తడిమి చూడాలి. అది తండ్రి నేర్పిన పద్ధతి. ఆడవాళ్లు పరుపులో దాచని వస్తువంటూ ఉండదు. ముక్కుపుడకలు, తాయెత్తులు, ఒకసారి గుడ్డలో చుట్టిన పాలపళ్లు కూడా ఆయన చేతికి తగిలాయి. దూది కానిది ఏది తగిలినా, అదేమిటో తెలిసినా తెలియకపోయినా, తీసి రేకు డబ్బాలో పెట్టాలి. పరుపు అప్పజెప్పేటప్పుడు, ‘మీ దూదిలో దొరికింది, సరిచూసుకోండి’ అని చేతిలో పెట్టాలి. అంతకుమించి మాట్లాడకూడదు. లోకంలో అన్నింటినీ ఎందుకని అడిగే మనిషి అక్కడ మాత్రం నోరు మెదపడు.

అలాంటివాడి ఇంట్లోకి కంప్యూటర్ ఎలా వచ్చిందంటే, అదీ ఎందుకుతోనే వచ్చింది. కంప్యూటర్లు బాగుచేసే చైతన్యకృష్ణకి రెండు పరుపులు కుట్టాడు. అప్పగించడానికి వెళ్లి, ఆ డబ్బాలో ఏముంది, ఆ తీగ ఎటు పోతుంది అని గుచ్చి గుచ్చి అడిగేసరికి, ఆ అబ్బాయి నవ్వి తన దగ్గరున్న పాతదాన్ని ఈయనకే అంటగట్టాడు. రెండువేల మూడో సంవత్సరం అది. ఆ వీధిలో అదే మొదటి కంప్యూటర్.

“పరుపులు కుట్టేవాళ్లకి కంప్యూటర్ ఎందుకండీ?” అంది రహిమున్నీసా.

“అదే తెలుసుకుందామని,” అన్నాడు జాన్ బాషా.

నెల తిరిగేసరికి ఆయనకి మోజు తీరింది. ఆవిడకి పట్టుకుంది. చైతన్యకృష్ణ అందులో ఒక ఆట వేసి ఇచ్చాడు, ఊరు కట్టే ఆట. ముందు ఒట్టి నేల ఉంటుంది, మధ్యలో ఏరు పారుతూ ఉంటుంది. మనం రోడ్లు వేయాలి, బావులు తవ్వాలి, ఇళ్లు కట్టాలి, అంగళ్లు పెట్టాలి. ఊరు బాగుంటే నెత్తిన మూటలు పెట్టుకుని చిన్న చిన్న మనుషులు వచ్చి ఇళ్లలో చేరతారు. బాగాలేకపోతే ఆ మూటలతోనే తిరిగి పోతారు. రహిమున్నీసాకి ఇంగ్లీషు రాదు. బొమ్మలు చూసి, చేసి, చెడగొట్టి నేర్చుకుంది. మధ్యాహ్నం వంట పనయ్యాక వెనక గది తలుపు వేసుకుని, తలుపు కింద సందులో తువ్వాలు కూరి, ఆ ఊళ్లోకి వెళ్లిపోయేది. ఏడాది పైగా ఒకే ఊరు కట్టింది. జాన్ బాషా దాన్ని ఒక్కసారి కూడా సరిగ్గా చూసిన పాపాన పోలేదు.

ఆ మరుసటేడు మిరప కోతలప్పుడు రహిమున్నీసా కనిగిరిలో ఉన్న అక్క నసీమున్నీసా ఇంటికి వెళ్లింది. బస్సెక్కేముందు ఒక పని ఒప్పజెప్పింది.

“ఈమధ్య నా ఊరు కదలట్లేదండీ. జనం ఒక అడుగేసి ఆగిపోతున్నారు. చైతన్యకృష్ణని పిలిచి చూపించండి. నేనొచ్చేసరికి బాగుండాలి.”

పిలిస్తే పోయేది. కానీ జాన్ బాషాకి ఆ మాట వినగానే చేతులు దురదపెట్టాయి. కదలట్లేదంటే ఏమిటి అర్థం? ఉండలు కట్టిందన్నమాట. ఏడాది పైగా రోజూ కూర్చుంటే పరుపైనా ఉండలు కడుతుంది, ఆటెంత? విప్పి, ఖాళీ చేసి, మళ్లీ నింపితే సరి. నింపడానికి కొత్త దూది ఉండనే ఉంది. ఆట వేసిన సీడీని చైతన్యకృష్ణ కవరులో పెట్టి సొరుగులోనే వదిలి వెళ్లాడు.

మర్నాడు మిషన్ ఆపి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. చైతన్యకృష్ణ ఒకప్పుడు తెరిచి చూపించిన దారి గుర్తుంది. వెతుక్కుంటూ వెళ్లి ఆట ఉన్న ఫోల్డర్ తెరిచాడు. లోపల బొమ్మలు కుప్పలుగా ఉన్నాయి. ముందు అలవాటు కొద్దీ ఒకసారి పైనుంచి కింద దాకా తడిమి చూశాడు. ఒకదాని వాలకం వేరుగా అనిపిస్తే దాన్ని లాగి తెర మీద ఒక మూలన పడేశాడు. మిగతావన్నీ పట్టి డిలీట్ కొట్టాడు. కంప్యూటర్ ఇంగ్లీషులో ఏదో అడిగింది. మళ్లీ అడిగింది. పెళ్లికూతురి తరఫువాళ్లలా ఇన్నిసార్లు అడుగుతుందేమిటని విసుక్కుంటూ అన్నింటికీ ‘యస్’ నొక్కాడు. చెత్తబుట్ట నిండింది. దుకాణం కట్టేముందు ఊడవడం అలవాటు కదా, దాన్నీ ఖాళీ చేశాడు. పరుపు గుడ్డ శుభ్రమైంది. ఇక నింపడమే.

సీడీ పెట్టాడు. ఆటని ఎక్కించమంటావా అని అడగాలి. అడగలేదు. ఆట ఇందులో ఉందిగా, ఆడతావా, తీసేస్తావా అని అడిగింది. జాన్ బాషా అక్షరాలు కూడబలుక్కుని మరోసారి చదివాడు. అదే మాట. సరే, ఆడతానని నొక్కాడు. టంగుమని మోగి, కావలసిన ఫైలు కనపడటం లేదంది. అయితే తీసెయ్యమన్నాడు. మళ్లీ టంగుమంది. తీసేద్దామన్నా ఏమీ కనపడటం లేదట.

నిజం చెప్పాలంటే ఆ క్షణంలో జాన్ బాషాకి భయం వెయ్యలేదు, సంబరమేసింది. ఆట లేదు, తన చేతులతోనే తీశాడు. అయినా ఉందంటుంది. ఉంటే చూపించమంటే లేదంటుంది. ఇంత వింత యంత్రం ఇంట్లో పెట్టుకుని ఇన్నాళ్లూ దాని మొహం చూడకుండా ఎలా ఉన్నాడు తను? తీసి పెట్టాడు, ఆపి వేశాడు, సీడీని పంచె అంచుతో తుడిచాడు. అన్నం సంగతి కూడా మరిచిపోయాడు.

ఫోను మోగింది. కనిగిరి నుంచి రహిమున్నీసా.

“నా ఊరు బాగుచేయించారా?”

అప్పుడు తగిలింది భయం. ఆవిడ ఊరు. నింపాల్సింది ఆట ఒక్కటే కాదు, అందులో ఆవిడ ఊరుంది. సీడీలో ఆట ఉంటుంది గానీ ఆవిడ తవ్విన బావులు సీడీలో ఎందుకుంటాయి?

“చేయిస్తున్నా,” అన్నాడు.

“గొంతేంటి అలా ఉంది?”

“నా గొంతు సరే. నీ గొంతు బాగుందే. ఒక్కసారి కూడా దగ్గలేదు.”

“ఇక్కడికొచ్చాక దగ్గు రాలేదండీ. రాత్రిళ్లు కూడా లేదు. ఆదివారం బస్సుకి వస్తున్నా. నా ఊరు జాగ్రత్త.”

ఎందుకు రాలేదని అడగాల్సిన మనిషి ఆ ఒక్కసారీ అడగలేదు. ఆయన బుర్రంతా మాయమైన ఊరి మీదే ఉంది.

పరుగున వెళ్లి చైతన్యకృష్ణని వెంటబెట్టుకొచ్చాడు. ఆ అబ్బాయి కుర్చీలో కూర్చుని, జరిగిందంతా విని, తల పట్టుకున్నాడు.

“అలా తీయకూడదు బాబాయ్. దీన్ని తీయడానికి ఒక పద్ధతుంది. మీరు సామాను బయట పారేశారు గానీ, విండోస్‌లో దీని పేరు రాసి ఉంటుంది. ఆ పేరు అలాగే ఉంది.”

“అంటే, ఇంట్లో మనుషులు పోయినా గుమ్మం మీద పేరు పలక ఉండిపోయిందంటావు.”

“అంతే. పలక చూసి, లోపల మనుషులున్నారనుకుంటోంది. కొత్తవాళ్లని రానివ్వట్లేదు.”

“మరి లోపలికి తొంగి చూసుకోదేం?”

“దానికి మీలాంటి బుద్ధి లేదు బాబాయ్. రాసింది నమ్ముతుంది.”

జాన్ బాషాకి ఆ సంగతి ఎంత నచ్చిందంటే, మరోసారి చెప్పించుకున్నాడు. చైతన్యకృష్ణ ఎక్కడో లోతుగా తెరిచి, ఆట పేరు పట్టుకుని, జాగ్రత్తగా ఆ ఒక్కటీ చెరిపేశాడు. మళ్లీ సీడీ పెట్టాడు. ఈసారి ఎక్కించమంటావా అని బుద్ధిగా అడిగింది. నీలం రంగు గీత మెల్లగా నిండుతుంటే జాన్ బాషా పరుపులోకి దూది కూరుతున్నంత ఆత్రంగా చూశాడు. ఆట తెరుచుకుంది. పాట వచ్చింది. ఏరు పారింది.

ఒట్టి నేల ఉంది. ఊరు లేదు.

“పిన్ని కట్టింది కూడా ఆ ఫోల్డర్‌లోనే ఉండేది బాబాయ్,” అన్నాడు చైతన్యకృష్ణ. “మిగతావాటితో పాటే పోయినట్టుంది. చెత్తబుట్ట కూడా ఖాళీ చేశారుగా.”

జాన్ బాషా మంచం మీద కూలబడ్డాడు. జీవితంలో ఎంతమంది ఇళ్ల దూది విప్పాడు, ఎవరి వస్తువూ పోగొట్టలేదు. ఎవరో పారేసుకున్న గుండీ కూడా దాచి ఇచ్చాడు. ఇంట్లో మనిషి ఏడాది పైగా దాచుకున్నది మాత్రం ఊడ్చి పారేశాడు. ఆదివారం ఆవిడ వచ్చి, కొంగుతో మొహం తుడుచుకుని, ముందుగా ఈ కుర్చీలోనే కూర్చుంటుంది. ఏం చెప్పాలి? ఆయనకి నిజంగా ఏడుపొచ్చింది.

చైతన్యకృష్ణ లేవబోతూ ఆట మూసేశాడు. తెర మీద ఒక మూలన పసుపుపచ్చగా ఏదో కనపడితే ఆగాడు.

“ఇదేంటి బాబాయ్, ఇక్కడ పెట్టారు?”

“ఏమో నాకేం తెలుసు. తడుముతుంటే తగిలింది. అన్నింటికీ ఒకే పాత తారీఖుంటే దానికి ఒక్కదానికే మొన్నటి తారీఖుంది. దూదిలా అనిపించలేదు. పక్కన పెట్టా.”

చైతన్యకృష్ణ దాన్ని తెరిచాడు, చూశాడు, గట్టిగా నవ్వాడు. ఆ నవ్వుకి అర్థం జాన్ బాషాకి వెంటనే తెలియలేదు. ఆ ఫోల్డర్‌ని తీసుకెళ్లి దాని చోట్లో పెట్టి, ఆట మళ్లీ తెరిచేసరికి తెలిసింది. తెర నిండా ఊరు. రోడ్ల మీద జనం ఆగకుండా నడుస్తున్నారు.

చైతన్యకృష్ణ వెళ్లిపోయాక జాన్ బాషా కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. అప్పజెప్పేముందు ఏ పరుపునైనా ఒకసారి చూసుకోవాలి కదా. అలా మొదటిసారి తన భార్య ఊళ్లోకి వెళ్లాడు.

ఆవిడ ఊరు ముచ్చటగా ఉంది. ప్రతి నాలుగిళ్లకీ ఒక బావి. ఇళ్ల మధ్య చెట్లు. అంగడి మంచి చోట ఉంది. కానీ పనివాళ్ల కొట్లు ఎక్కడా కనపడలేదు. కమ్మరి లేడు, వడ్రంగి లేడు. వీళ్లు బతికేదెలా అనుకుంటూ మౌస్ జరుపుకుంటూ పోతే ఏరు వచ్చింది. ఏటి మీద వంతెన. వంతెన అవతల కమ్మరి కొలిమి, ఇటుక బట్టీ, బట్టలు నేసే చోటు, అన్నీ అక్కడే. వాటి ముందు రెండు వరసల చెట్లు గోడలా. పొద్దున్న జనం వంతెన మీదుగా పనికి వెళ్తున్నారు, సాయంత్రం ఇళ్లకి వస్తున్నారు.

ఎందుకు? వీళ్లనింత దూరం నడిపించడం ఎందుకు? ఆయనకది వట్టి తెలివితక్కువ పనిలా తోచింది. ముందు పని, వెనక సంసారం ఉంటే ఎంత హాయి. ఆవిడ ఊరిని ముట్టుకోకూడదు గనక ఆటలో విడిగా మరో ఒట్టి నేల తెరిచి తనదొక కొత్త ఊరు మొదలుపెట్టాడు. బావి తవ్వాడు, ఇల్లు కట్టాడు, ఇంటి ముందే నేతగాడి కొట్టు పెట్టాడు. మూటతో ఒక కుటుంబం వచ్చి చేరింది. చూశావా అనుకున్నాడు. కాసేపటికి ఆ ఇంటి గోడలు మాసిపోయినట్టయ్యాయి, దీపం ఆరింది, వాళ్లు మూట నెత్తిన పెట్టుకుని వెళ్లిపోయారు.

బావి దూరమైందేమోనని ఇంకోటి తవ్వాడు. ఇంకో కుటుంబం వచ్చింది. పోయింది. అంగడి పెట్టాడు. వచ్చారు, పోయారు. పట్టుదలొచ్చింది. మార్చి మార్చి చూశాడు. ఒక ఇల్లు కొట్టుకి బాగా దూరంగా కడితే, అందులో వాళ్లు మాత్రం ఉండిపోయారు. అప్పుడు మౌస్ మీద నుంచి చెయ్యి తీసేశాడు.

ఆయన కళ్లు తలుపు కింద తువ్వాలు మీదికి పోయాయి. అది చుట్ట చుట్టి, నుసి పట్టి, తెల్లగా ఉంది. మంచం మీద దుప్పటి చేత్తో తడిమాడు. కిటికీ చువ్వలు తడిమాడు. లేచి గోడగడియారం దించి విప్పితే లోపల పళ్ల చక్రాల నిండా దూది. అన్నాళ్లూ అది సరిగ్గా తిరగకపోవడానికి తను విప్పడమే కారణమనుకున్నాడు. రాత్రిళ్లు రహిమున్నీసా దగ్గుతుంటే చలి అనుకున్నాడు. ఎండాకాలం దగ్గితే మిరప ఘాటనుకున్నాడు. కనిగిరి వెళ్లాక ఒక్కసారీ దగ్గలేదట. ఆవిడ నోరు తెరిచి ఎప్పుడూ చెప్పలేదే అనుకోబోయి ఆగాడు. చెప్పే ఉంటుంది. మిషన్ తిరుగుతూ ఉండి ఉంటుంది.

సిగ్గుతో ఆయన చెవులు వేడెక్కాయి. ఊరందరినీ ఎందుకని అడిగిన నోరు, ఇంట్లో మనిషిని నువ్వెందుకు దగ్గుతావని ఒక్కసారి అడగలేదు.

ఊరి వాగు అవతల, పత్తి గింజలు తీసే రామాంజనేయులు జిన్నింగు మిల్లు వెనక ఒక షెడ్డు ఖాళీగా పడి ఉంది. మర్నాడు పొద్దున్నే వెళ్లి, మిషన్ పెట్టుకోవడానికి దాన్ని అద్దెకి అడిగాడు.

“ఇంటి ముందు రాజాలా కూర్చుని చేసుకునే పని. ఇంత దూరం నడిచి రావడం ఎందుకు బాషా?” అన్నాడు రామాంజనేయులు.

“నడిస్తే మంచిదట,” అన్నాడు జాన్ బాషా. మొదటిసారి ఎదుటివాడి ఎందుకుకి తను జవాబు చెప్పాల్సి వచ్చింది, అది అంత తేలిక కాదని కూడా తెలిసింది.

మిషన్ ఊడదీసి ట్రాక్టర్ మీద తరలించాడు. ఇల్లంతా దులిపి కడిగాడు. ఎంత కడిగినా ఏదో మూల నుంచి నుసి వస్తూనే ఉంది.

ఆదివారం బస్సు దిగి ఇంటికొచ్చిన రహిమున్నీసా వసారాలో సంచి పట్టుకుని నిలబడిపోయింది. మిషన్ ఉన్నచోట నేల మీద నాలుగు బోల్టు గుంటలు మాత్రం ఉన్నాయి.

“మిషన్ అమ్మేశారా?” అంది. ఆవిడ మొహం పాలిపోయింది.

“అమ్మలేదు. వాగు అవతల పెట్టా. రేపట్నుంచి అక్కడికే పనికి వెళ్తా.”

“ఎందుకు?”

జాన్ బాషా ఆవిడని వెనక గదిలోకి తీసుకెళ్లి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు. ఆట విప్పిన సంగతి, పలక సంగతి, ఊరు పోయి దొరికిన సంగతి అన్నీ ఒప్పుకున్నాడు. ఆవిడకి కోపం వచ్చింది. అది దాచలేదు కూడా. గబగబా తన ఊరు తెరిచి బావులన్నీ లెక్క చూసుకుంది. వంతెన దాటి కొలిమి దాకా వెళ్లొచ్చింది. అన్నీ ఉన్నాయి. అప్పుడు ఊపిరి వదిలింది.

ఆయన పక్కన నిలబడి, పరుపులు అప్పగించేటప్పుడు అనే మాటే అన్నాడు.

“నీ దూదిలో దొరికింది. సరిచూసుకో.”

రహిమున్నీసా తలెత్తి ఆయన మొహంలోకి చూసింది. గుమ్మం వైపు చూసింది. తలుపు తీసే ఉంది, కింద తువ్వాలు లేదు, వసారాలోంచి ఎండ గదిలోకి పడుతోంది. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దగ్గు కోసం కాదు.

కాసేపటికి మౌస్ కదిపింది. ఆటలో ఆవిడ ఊరి పేరు కింద ఇంకో ఊరు కనపడింది. తెరిచింది. బావులున్నాయి, అంగడుంది, మాసిపోయిన ఇళ్లున్నాయి. దూరంగా ఒక్క ఇంట్లోనే దీపముంది.

“ఇదెవరి ఊరు?”

“నాది.”

“జనం ఏరి?”

“వెళ్లిపోయారు.”

ఆవిడ నవ్వలేదు. నేతగాడి కొట్టు మీద నొక్కి పడగొట్టింది. ఏటి మీద వంతెన వేసి, అవతల ఒడ్డున కొట్టు మళ్లీ కట్టి, ముందు చెట్లు నాటింది.

“ఇప్పుడు వస్తారా?” అన్నాడు జాన్ బాషా.

“వస్తారు. కాస్త ఆగాలి,” అంది రహిమున్నీసా.

ఆయన మంచం అంచు మీద కూర్చున్నాడు. ఇద్దరూ తెర వైపు చూస్తూ ఆగారు. కాసేపటికి రోడ్డు చివర నెత్తిన మూటతో ఒక చిన్న మనిషి కనపడింది.